పాత ల్యాప్‌టాప్‌కు టెక్స్ట్ బ్రౌజర్ ఒక్కటే సరిపోతుందా?

అచ్చంపేట పక్క ఊరు, 2 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్. క్రోమ్ తెరిస్తే సిస్టమ్ బిగుసుకుపోతోంది, దాన్ని తీసేసి, అక్షరాలు మాత్రమే చూపే లింక్స్ (Lynx) అనే టెక్స్ట్ బ్రౌజర్ ఒక్కటే పెట్టుకోవచ్చా అని అడిగారు. ఒక్కటే అయితే వద్దండీ. తోడుగా మాత్రం తప్పకుండా పెట్టుకోండి.

నేను దేవరకొండలో అలాంటి పాత సిస్టమ్ మీదే లినక్స్ వేసుకుని రెండు రకాలూ వాడుతున్నాను. లింక్స్ 1992లో అమెరికాలోని కాన్సాస్ యూనివర్సిటీలో మొదలైంది, ఇప్పటికీ వాడకంలో ఉంది. బొమ్మలు, వీడియోలు దించుకోదు, జావాస్క్రిప్ట్ (పేజీలో బటన్లు, మెనూలు పనిచేయించే కోడ్) నడపదు. అందుకే సిగ్నల్ ఒక్క గీతే ఉన్నా పేజీ వచ్చేస్తుంది. కింది బాణం నొక్కితే తర్వాతి లింకు, కుడి బాణంతో లోపలికి, ఎడమ బాణంతో వెనక్కి. మౌస్ ముట్టుకునే పనే లేదు. ఇంగ్లిష్ వికీపీడియా, ప్రోగ్రామింగ్ పాఠాలు చదవడానికి నాకు ఇంతకన్నా హాయి ఎక్కడా దొరకలేదు. పట్టికలున్న పేజీలకైతే డబ్ల్యూ3ఎం (w3m) అనే ఇంకో టెక్స్ట్ బ్రౌజర్ మేలు.

చిక్కంతా తెలుగుతోనే. లింక్స్ నడిచేది టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలో. అది అక్షరాలను ఒకే కొలత గళ్లలో పేరుస్తుంది. మన గుణింతాలు, ఒత్తులు ఆ గళ్లలో ఇమడవు. నా టెర్మినల్‌లో 'అచ్చంపేట' అని వస్తే, చ ఒత్తు కిందికి దిగకుండా విడిపోయి పక్కన నిలబడుతుంది. ఊరి పేరైతే పోల్చుకుంటాం, వార్త మొత్తం అలా చదవాలంటే కళ్లు లాగేస్తాయి. మన భాష చదవడానికే ఇంత అవస్థ పడటం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఎంఎల్‌టర్మ్ లాంటి టెర్మినల్స్ కొంత నయం.

ఇక దరఖాస్తులు, స్కాలర్‌షిప్పులు, బ్యాంకు పనులకు క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటి గ్రాఫికల్ బ్రౌజరే దిక్కు. క్యాప్చా బొమ్మగా వస్తుంది, బటన్లు చాలావరకు జావాస్క్రిప్ట్ మీదే నడుస్తాయి. లాస్ట్ డేట్ రాత్రి టెర్మినల్‌తో కుస్తీ పట్టి టెన్షన్ తెచ్చుకోకండి.

క్రోమ్‌నే తేలిక చేసుకోవచ్చు. సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్‌కు వెళ్లి ఇమేజెస్ ఆపేయండి. క్యాప్చా కావాల్సిన సైట్లను మాత్రం అక్కడే అనుమతించిన జాబితాలో చేర్చండి. తెలుగు వార్తలకు ఫైర్‌ఫాక్స్‌లో రీడర్ వ్యూ బాగుంటుంది, ఒత్తులన్నీ సరిగ్గా కనిపిస్తాయి. ఇవన్నీ చేశాక కూడా బిగుసుకుపోతుంటే, ఏ ఓఎస్ వాడుతున్నారో, ఒకేసారి ఎన్ని ట్యాబులు తెరుస్తున్నారో రాయండి, చూద్దాం.