కుయ్‌తియవ్ కొట్టు మీద రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికాలో లాంగ్ బీచ్‌లోని కుయ్‌తియవ్, అంటే పులుసుతో తినే కంబోడియా నూడుల్స్, కొట్టు మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. వాక్యం సాఫీగా నడుస్తోంది, చదివిస్తుంది. కానీ చివరిదాకా వచ్చినా నువ్వు తిన్నవి సన్న నూడుల్సా, వెడల్పువా, ఎముకల పులుసులో వేసిచ్చారా, పొడిగా ఇచ్చారా, ఒక్కటీ తెలియలేదు. అమోఘం, అద్భుతం, నోరూరించే... ఇవి మాత్రం పుష్కలంగా ఉన్నాయి. ఆ మూడు మాటలూ కొట్టెయ్. ఖాళీ అయిన చోట ఏం పెట్టాలో చెబుతాను.

ముందు ఆర్డర్ దగ్గర మొదలుపెట్టు. కుయ్‌తియవ్ అడిగిన మనిషి రెండు మూడు సంగతులు తేల్చి చెప్పాలి. సన్న బియ్యపు నూడుల్సా, వెడల్పువా, పసుపురంగు గుడ్డు నూడుల్సా? తడిగానా, పొడిగానా? పొడిది, అంటే కుయ్‌తియవ్ కోక్ అయితే, నూడుల్స్‌ని వెల్లుల్లి నూనె, సోయాసాస్‌తో కలిపి ఇచ్చి, పులుసు పక్కన చిన్న గిన్నెలో వేరుగా పెడతారు. పైన వేసేవాటి సంగతి మూడోది. కంబోడియా రాజధాని నాంపెన్ పద్ధతి అంటే పంది కైమా, పల్చటి మాంసం ముక్కలు, లివర్, రొయ్యలు, కొన్నిచోట్ల గడ్డకట్టిన నెత్తురు ముక్కలు కూడా. ఆ చివరిదాని దగ్గర నువ్వు ముఖం చిట్లించి రెండు వాక్యాలు రాశావు. అనవసరం. హోటల్లో నల్ల వేపుడు అడిగి తినేవాళ్లు మన పాఠకుల్లోనే బోలెడుమంది.

ఇక పులుసు. నీ వ్యాసంలో దీనికి దక్కింది 'చిక్కటి రుచి' అన్న ఒక్క ముక్క. అది తప్పు కూడా. కుయ్‌తియవ్ పులుసు తేటగా ఉండాలి, గిన్నె అడుగున నూడుల్స్ కనబడాలి. తేట ఎలా వస్తుందో తెలిస్తే నీ వాక్యం దానంతటదే మారుతుంది. ఇంటి లెక్కన చెబితే, నాలుగైదు లీటర్ల నీళ్లకు ఒకటిన్నర నుంచి రెండు కిలోల పంది ఎముకలు. వాటిని ముందు విడిగా ఐదు పది నిమిషాలు ఉడకబెట్టి, ఆ మురికి నీళ్లు పారబోసి, ఎముకల్ని చన్నీళ్లలో ఒక్కొక్కటే కడగాలి. తర్వాత కొత్త నీళ్లలో మూడు నాలుగు గంటలు సన్నసెగ మీద. నీళ్లు కుతకుత మరగకూడదు, అక్కడో బుడగ ఇక్కడో బుడగ లేవాలి, అంతే. తొందరపడి మంట పెంచితే కొవ్వు చితికి పులుసులో కలిసిపోయి పాలలా తెల్లబడుతుంది. ఒకసారి తెల్లబడ్డాక వడకట్టినా లాభం లేదు.

అందులోకి ముల్లంగి ముక్కలు, గుప్పెడు ఎండురొయ్యలు, మంట మీద కాల్చిన ఎండు స్క్విడ్ ఒకటి, పటికబెల్లం, ఉప్పు. స్క్విడ్‌ని కాల్చకుండా వేస్తే నీచువాసన పట్టుకుంటుంది. ఒకటికి రెండు వేస్తే ఎముకల రుచి వెనక్కి పోయి పులుసంతా సముద్రమే అవుతుంది. ఫిష్ సాస్ దించేముందు. ఆ తియ్యదనం ముల్లంగిదీ పటికబెల్లానిదీ. నువ్వు 'కాస్త తీపి ఎక్కువైంది' అని ఫిర్యాదులా రాశావు. కొట్టువాడి చెయ్యి తప్పిందా, ఆ వంటకం తీరే అంతా అన్నది తేల్చుకోకుండా ఫిర్యాదు రాయకూడదు.

వెల్లుల్లి నూనె గురించి ఒక పేరా పూర్తిగా రాయి, ఎందుకంటే కొట్టుకూ కొట్టుకూ తేడా తెలిసేది అక్కడే. సన్నగా తరిగిన వెల్లుల్లిని చల్లటి నూనెలో వేసి, అప్పుడు సన్నసెగ మీద పెట్టాలి. లేత బంగారు రంగు రాగానే దించెయ్యాలి, పొయ్యి ఆర్పినా వేడి నూనెలో అది వేగుతూనే ఉంటుంది. పూర్తిగా ఎర్రబడేదాకా ఆగితే గిన్నెలోకి వచ్చేసరికి చేదు. నువ్వు గిన్నె ముందు కూర్చోగానే పైన తేలే వెల్లుల్లి రంగు చూడు. ఆ రంగు రాస్తే 'కమ్మగా ఉంది' అని విడిగా రాయక్కర్లేదు.

వంటగది కనబడే బల్ల దొరికితే అక్కడే కూర్చో. నానిన నూడుల్స్‌ని పిడి ఉన్న జల్లెడ బుట్టలో వేసి మరిగే నీళ్లలో పది ఇరవై సెకన్లు ముంచి, రెండుసార్లు విదిలించి, గిన్నెలో పడేస్తారు. వెంటనే వెల్లుల్లి నూనె కలపకపోతే ముద్ద కట్టేస్తాయి. ఆ విదిలింపు సరిగా లేకపోతే నూడుల్స్‌తో పాటు వచ్చిన నీళ్లు పులుసును పల్చన చేస్తాయి. జనం ఎగబడ్డ ఆదివారం పొద్దున ఈ తప్పు దొర్లుతుంటుంది. ఒక్క గిన్నె తిని 'పులుసు పల్చన' అని తీర్పు ఇచ్చేముందు ఇంకోరోజు, వేరే వేళకి వెళ్లిరావాలి.

తినే పద్ధతిని వరుసగా రాయి, పాఠకుడు రేపు వెళ్లి అలాగే తినగలగాలి. ఎడమ చేత చెంచా, కుడి చేత నూడుల్స్ తినే పుల్లలు (చాప్‌స్టిక్స్). ఏదీ కలపకముందు రెండు చెంచాలు పులుసు వట్టిగా తాగాలి. తర్వాత పెసర మొలకలు నూడుల్స్ కిందికి తోస్తే ఆ వేడికే మగ్గుతాయి, పైన వదిలేస్తే పచ్చివాసన వేస్తాయి. నిమ్మబద్ద సగం పిండి ఆగి చూసుకోవాలి. మిరప ముద్దను నేరుగా గిన్నెలో గుమ్మరించకుండా చిన్న పళ్లెంలో పెట్టుకుని మాంసం ముక్కలు అద్దుకుంటే పులుసు తేటగానే ఉంటుంది. మనవాళ్లు ఇక్కడే ఆగలేరు, కారం ముందు, రుచి తర్వాత! పది నిమిషాలు కబుర్లలో పడితే నూడుల్స్ పులుసు పీల్చి ఉబ్బిపోతాయి. ఫొటోల మీద మోజున్న వాళ్లకి ఈ మాట గట్టిగా చెప్పు. ఇంటికి కట్టించుకునేవాళ్లు పులుసూ నూడుల్సూ వేరువేరుగా కట్టమని అడగాలి.

'వియత్నాం ఫో లాంటిదే' అని తేల్చేశావు. ఫో అనే ఆ వియత్నాం నూడుల్స్ పులుసు సాధారణంగా గొడ్డు మాంసం ఎముకలు, అనాసపువ్వు, దాల్చినచెక్కలతో నడుస్తుంది. ఇది పంది ఎముకలు, ఎండు స్క్విడ్‌లతో. వాసనలోనే వేరు. చైనా నుంచి కంబోడియాకు వచ్చి స్థిరపడ్డ తియోచౌ వాళ్ల చేతి నూడుల్స్ ఇవి. అటు వియత్నాంలోని సైగాన్‌కి కూడా నాంపెన్ పేరుతోనే వెళ్లాయి. వ్యాసంలో ఈ రెండు ముక్కలు చాలు, చరిత్ర పాఠం వద్దు.

మాంసం తినని పాఠకుడిని మర్చిపోకు. 'ముక్కలు తీసేసి ఇమ్మంటే సరిపోతుంది' అని రాశావే, అది మోసపుచ్చే సలహా. పులుసే పంది ఎముకలది, పైగా ఎండురొయ్యలూ ఫిష్ సాసూ అందులోనే. విడిగా వండిన శాకాహారం ఉందా అని అడగడం తప్ప దారి లేదు, లేదంటే లేనట్టే.

బల్ల మీద మిరియాల పొడి కనబడగానే కంబోడియాలో పేరుమోసిన కాంపోట్ మిరియాలు అని రాసెయ్యకు. 2016లో యూరోపియన్ యూనియన్ నుంచి భౌగోళిక గుర్తింపు పొందిన సరుకది, ధరా అలాగే ఉంటుంది. అడిగి తెలుసుకున్నాకే పేరు రాయి.

ఇక కంబోడియాలో లక్షలమందిని పొట్టనబెట్టుకున్న ఖ్మేర్ రూజ్ పాలన ప్రస్తావన. 1975 నుంచి 1979 దాకా జరిగినదాన్ని తప్పించుకుని వచ్చినవాళ్లు లేకుండా లాంగ్ బీచ్‌లో ఈ కొట్లు లేవు, నిజమే. అనహైమ్ స్ట్రీట్ చుట్టుపక్కల భాగానికి 2007లో కంబోడియా టౌన్ అని నగరం పేరు పెట్టింది, అదీ రాయాల్సిందే. కానీ నూడుల్స్ తెచ్చిపెడుతున్న పెద్దావిడను 'మీ కుటుంబంలో ఎవరైనా పోయారా' అని అడగడం రచన కాదు. ఆమె చెబితే విను, చెప్పకపోతే ఆమె గరిటె చూడు. వ్యాసంలో ఆ ప్రస్తావన ఒక్కచోటే ఉంచు. నువ్వు ఐదుచోట్ల పెట్టావు, ఐదోచోటికి వచ్చేసరికి అది మసాలా అయిపోయింది.

మళ్లీ వెళ్లేటప్పుడు వారం మధ్యలో, పొద్దున తొమ్మిదిలోపు వెళ్లు. కుయ్‌తియవ్ వాళ్లకి ఫలహారం, మధ్యాహ్నానికి లివర్ లాంటివి అయిపోవచ్చు. ఒకసారి తడిది, ఇంకోసారి పొడిది తిను. చాక్వాయ్, అంటే నూనెలో వేపిన పొడుగాటి పిండి కడ్డీ, ఉంటే అదీ ఒకటి తీసుకుని పులుసులో ముంచి చూడు. నగదు ఉంచుకో, చిన్న కొట్లలో కార్డు తీసుకోకపోవచ్చు. ధరలు, తెరిచే వేళలు అక్కడే రాసుకో, ఇంటికొచ్చి గుర్తుచేసుకుంటూ రాస్తే తప్పులొస్తాయి. తిరగరాసింది పంపు, పులుసు పేరా ముందు చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు