పడవలో పడుకున్న మనిషి

చిరంజీవికి,

నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. జనం రావడం మానేసిన రేవు గురించి రాశావు, సంగతి బాగుంది. కానీ మొదటి పేజీలోనే ‘నిర్మానుష్యం’ మూడుసార్లు, ‘నిశ్శబ్దం’ నాలుగుసార్లు దొర్లాయి. చదువుతుంటే నాకు చైనాలో జరిగిన ఒక పరీక్ష గుర్తొచ్చింది.

1100లో గద్దెనెక్కిన సొంగ్ వంశపు చక్రవర్తి హ్వేజోంగ్ స్వయంగా చిత్రకారుడు. ఆయన చిత్రశాలలో చేరాలంటే పరీక్ష రాయాలి, అంటే బొమ్మ వేయాలి. ప్రశ్నగా ఒక పద్యపాదం ఇచ్చేవారు. ఒకసారి ఇచ్చింది ఇది: అడవి ఏరు, దాటేవాళ్లు లేరు, ఒంటరి పడవ పొద్దంతా అడ్డంగా పడి ఉంది.

చాలామంది ఒడ్డున ఖాళీ పడవ వేశారు. కొందరు దాని అంచు మీద కొంగను నిలబెట్టారు, ఇంకొందరు పైకప్పు మీద కాకిని వాల్చారు. మనమూ అదే వేస్తాం. నా తొలి కథల్లో ఖాళీ ఇల్లు వచ్చిందంటే చాలు, సాలెగూడు అల్లేసేవాణ్ణి! మొదటి స్థానం వచ్చినవాడు మాత్రం పడవలో మనిషిని పెట్టాడు. పడవవాడు వెనకవైపు పడుకుని ఉన్నాడు, పక్కన ఒక పిల్లనగ్రోవి. అక్కడ మనిషి లేకపోవడమేమిటి, లేనిది దాటేవాళ్లే కదా. వాళ్లు లేరు కాబట్టే అతనికి అంత తీరిక. ‘తగ్గించి రాయి’ అని నీకు అందరూ చెబుతూనే ఉంటారు. చూడు, ఇతను తగ్గించలేదు, ఒక మనిషిని చేర్చాడు.

ఇంకో ప్రశ్న, కొండల్లో దాగిన పాత గుడి. మిగతావాళ్లు గోపురం కొసో, కప్పు అంచో చూపించారు. గెలిచినవాడు పటం నిండా బీడు కొండలు వేసి, పైన ఒక జెండాకర్ర కొన వదిలాడు, అంతే. గుడి కనబడ్డాక ఇంక దాగిందేముంది?

చైనా బొమ్మల మాటెత్తితే అందరూ పాతకాలపు కవి, చిత్రకారుడు వాంగ్ వెయ్ దగ్గర మొదలెడతారు, ఆయన పద్యంలో బొమ్మ, బొమ్మలో పద్యం ఉన్నాయని సొంగ్ కాలపు కవి సు షి అన్నది అప్పజెబుతారు. మంచి మాటే. కానీ కచ్చితంగా వాంగ్ వెయ్ చేతిదే అనదగ్గ బొమ్మ ఇవాళ ఒక్కటీ మిగల్లేదు. రాసేవాడికి ఈ పరీక్షలే ఎక్కువ పనికొస్తాయని నా నమ్మకం.

వీలైతే 1072లో గువో షీ అనే చిత్రకారుడు వేసిన ‘తొలి వసంతం’ ఫోటో నెట్‌లో వెతికి చూడు. అసలు పటం తైవాన్ రాజధాని తైపేలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. కొండ ఎత్తు తెలియాలంటే మొత్తం చూపించకూడదు, దాని నడుముకి పొగమంచు చుట్టాలి అనేవాడాయన. మంచు ఎక్కడ చుట్టాలన్నది తెలియాలి. నువ్వు కథంతా చుట్టేశావు.

నీ ఏడో పేజీలో టీకొట్టు ముసలాయన ఉన్నాడు. మధ్యాహ్నం పూట పొయ్యి ఆర్పేసి, బల్ల మీద చొక్కా మడిచి తలకింద పెట్టుకుంటాడు. ఆయన్ని ఒక్క వాక్యంలో తేల్చేశావేమిటయ్యా? మొదటి పేజీకి తీసుకురా. ఆ ఏడు మాటలూ కొట్టేసి మళ్లీ పంపు. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండేట్టు చూడు, వచ్చేవారం నాకు కంటి ఆపరేషన్.

ఆశీస్సులతో,
మీ మాస్టారు