టెస్టులన్నీ నార్మల్.. మరి ఈ నిరుత్సాహం ఏమిటి?

ప్రశ్న: నా వయసు 53. పిల్లలిద్దరికీ పెళ్లిళ్లయ్యాయి. ఒకరు బెంగళూరులో, ఒకరు అమెరికాలో ఉంటారు. డబ్బుకు ఇబ్బంది లేదు. బీపీ, షుగర్ లేవు. పరీక్షలన్నీ నార్మల్ అన్నారు. అయినా ఏడాదిగా దేనిమీదా ఉత్సాహం ఉండట్లేదు. వండుతాను, తింటాను, పడుకుంటాను, అంతే. పాజిటివ్‌గా ఆలోచించమంటూ మా అమ్మాయి వీడియోలు పంపుతోంది. పొద్దున్నే అద్దం ముందు నిలబడి ‘నేను సంతోషంగా ఉన్నాను’ అని పదిసార్లు చెప్పుకోమన్నారు వాటిలో. చెప్పుకుంటుంటే ఏడుపొస్తోంది. ఇదివరకు ఇంట్లోనే మిషన్ కుట్టేదాన్ని. ఇప్పుడు అవసరం లేదని మానేశాను. నాది జబ్బేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఆ అద్దం కార్యక్రమం ఆపేయండమ్మా. మీకు ఏడుపు రావడంలో వింతేమీ లేదు. 2009లో కెనడా పరిశోధకులు ఇలాంటి వాక్యాలనే కొందరితో పదేపదే అనిపించి చూశారు. తమ మీద తమకు చిన్నచూపు ఉన్నవాళ్లకు అలా అనుకున్నాక మనసు ఇంకా దిగజారింది. లోపల ఒకటి ఉండగా నోటితో మరొకటి అంటే మనసు ఊరుకోదు, ‘అబద్ధం’ అని ఎదురు తిరుగుతుంది. మీ అమ్మాయి ప్రేమతోనే పంపింది, ఆమెను ఏమీ అనకండి.

పాజిటివ్ సైకాలజీ అంటే ఈ వీడియోలే అనుకుంటారు చాలామంది. కాదు. 1998లో అమెరికా సైకాలజిస్టుల సంఘం అధ్యక్షుడైన మార్టిన్ సెలిగ్‌మన్ ఈ విషయాన్ని ముందుకు తెచ్చారు. మన శాస్త్రం జబ్బులనే చూస్తోంది, మనిషి బాగుండటానికి ఏం కావాలో కూడా చూడాలి కదా అన్నది ఆయన వాదన. జబ్బు లేకపోవడం, బాగుండటం ఒకటే కాదు. మీ ఉత్తరమే అందుకు సాక్ష్యం. రిపోర్టుల్లో తప్పు దొరకలేదు, రోజులో రుచీ దొరకట్లేదు.

అయితే ఏడాదిగా ఇలా ఉందంటే తేలిగ్గా తీసుకోను. డిప్రెషన్ అంటే రోజంతా ఏడుస్తూ కూర్చోవడమే కాదు, ఇష్టమైనవాటి మీద ఇష్టం పోవడం కూడా దాని ముఖ్య లక్షణమే. ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోండి. గడిచిన రెండు వారాల్లో మనసు హుషారుగా ఉందా? ప్రశాంతంగా ఉందా? ఒంట్లో చురుకుదనం ఉందా? నిద్ర లేచేసరికి అలసట తీరినట్టుందా? ఆసక్తి కలిగించే పనులతో రోజు గడిచిందా? ఒక్కోదానికి ‘అస్సలు లేదు’ అయితే 0, ‘ఎప్పుడూ ఉంది’ అయితే 5 వేసుకుని కూడండి. మొత్తం 25కి 13 కంటే తక్కువ వస్తే సైకియాట్రిస్టును కలవండి. థైరాయిడ్, బి12 చూశారో లేదో పాత రిపోర్టుల్లో వెతకండి. నెలసరి ఆగే వయసు కాబట్టి గైనకాలజిస్టుతో కూడా ఒక మాట మాట్లాడండి.

ఇక మీరు చేయగలిగిన పని. రోజూ పడుకునే ముందు ఆ రోజు బాగా జరిగినవి మూడు కాగితం మీద రాయండి. ఎందుకు జరిగిందో పక్కనే రాయాలి. అసలు మందు ఆ ‘ఎందుకు’లోనే ఉందని నా నమ్మకం. ‘కరివేపాకు మొక్క చిగురేసింది’ అని ఆపేయకండి. ‘పులిసిన మజ్జిగ పోశాను కాబట్టి’ అని రాయండి. ‘పక్కింటావిడ సొరకాయ ఇచ్చింది. ఎందుకంటే మొన్న వాళ్ల పాపను సాయంత్రం దాకా చూసుకున్నాను.’ అలా రాస్తుంటే జరిగిన మంచిలో మీ చెయ్యి ఎంతుందో మీకే కనిపిస్తుంది. సెలిగ్‌మన్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో ఇలా వారం రోజులు రాసినవాళ్లకు ఆరు నెలల తర్వాత కూడా మేలు కనిపించింది. వారం అయ్యాక కూడా తమంతట తాము కొనసాగించినవాళ్లే ఎక్కువ లాభపడ్డారు. ఎప్పుడో సాయం చేసినవాళ్లకు కృతజ్ఞతగా ఉత్తరం రాసి, స్వయంగా వెళ్లి చదివి వినిపించినవాళ్లకైతే మొదట్లో ఇంకా ఎక్కువ సంతోషం కలిగింది, కాకపోతే అది కొన్నాళ్లకే తగ్గిపోయింది. ఏమీ తోచని రోజు రెండే రాయండి, తప్పులేదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది మిషన్ మాట. ‘అవసరం లేదని’ మానేశానన్నారు. డబ్బు అవసరం లేదు, సరే. పైపింగ్ వేస్తూ కూర్చుంటే స్టవ్ మీద పాలు పొంగినా తెలియనంతగా లీనమైపోయేవారా? జాకెట్టు సరిగ్గా అమరిందని ఎవరైనా చెబితే ఆ రోజంతా ఒళ్లు తేలిగ్గా ఉండేదా? ఆ లీనం కావడం, ‘నా చేతిలో పనుంది’ అన్న ధీమా, కొలతలిస్తూ కబుర్లు చెప్పే ఆడవాళ్లు.. కుట్టు మానేస్తే ఇవన్నీ ఒక్కసారే పోయాయి. మనిషి బాగుండటానికి సంతోషంతో పాటు సెలిగ్‌మన్ చెప్పినవి కూడా ఇవే: పనిలో లీనమవడం, అనుబంధాలు, బతుక్కి ఒక అర్థం, ఏదైనా సాధించడం.

మిషన్ మీద గుడ్డ తీసి నూనె వేయండి. మొదటి వారం ఆర్డర్లు వద్దు, మీ జాకెట్లకే ఊడిన హుక్కులు కుట్టుకోండి. తర్వాత వీధిలో ఒక అమ్మాయికి నేర్పుతానని చెప్పి చూడండి. నెల తర్వాత పైన చెప్పిన ఐదు ప్రశ్నలకు మళ్లీ మార్కులు వేసుకుని, రెండు కాగితాలూ డాక్టరుకు చూపించండి. బతకాలనిపించని ఆలోచన ఒక్కసారి వచ్చినా నెల దాకా ఆగొద్దు. వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.