చిక్ వెబ్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. సొంత బ్యాండ్ నడిపిన అమెరికన్ జాజ్ డ్రమ్మర్ చిక్ వెబ్ గురించి తెలుగులో రాయాలని నీకు తోచినందుకే నాకు సంతోషం. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

మొదటి రెండు పేజీలూ ఆయన గూని గురించే ఉన్నాయి. చిన్నప్పుడే వెన్నెముకకు క్షయ రావడం, నాలుగడుగుల దగ్గరే ఎదుగుదల ఆగిపోవడం, బాల్టిమోర్ వీధుల్లో పేపర్లు అమ్మి డ్రమ్ములు కొనుక్కోవడం... అన్నీ నిజాలే. కానీ డ్రమ్ మీద మొదటి దెబ్బ పడేసరికి మూడో పేజీ వచ్చేసింది. ఇది చదివితే ఆయన మీద జాలి కలుగుతుంది, ఆయన రికార్డు పెట్టుకుని వినాలని మాత్రం అనిపించదు.

ఈ తప్పు నేనూ చేశాను. కుర్రతనంలో మా ఊరి డోలు విద్వాంసుడు పోతే ఒక వ్యాసం రాశాను. ఆయన పేదరికం, చివరి రోజుల జబ్బు, అన్నీ చదివేవాళ్లు కరిగి నీరయ్యేలా రాశాననుకున్నాను. వాళ్లబ్బాయి చదివి, "బాగుందండీ, మా నాన్న వాయించింది ఎక్కడుంది?" అని అడిగాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

గూని సంగతి దాచమని కాదు. అది పనికి అడ్డుపడిన చోట రాయి. వెబ్ ముందున్న పెద్ద డ్రమ్ 28 అంగుళాలది. ఆ కాళ్లకు అందేలా పెడల్స్, చేతులకు అందేలా సింబల్ (కర్రతో కొట్టే లోహపు పళ్లెం) స్టాండ్లు ప్రత్యేకంగా చేయించుకున్నాడు. బ్యాండ్ మధ్యలో ఎత్తుగా కూర్చుని అందరినీ నడిపించాడు. ఇంత చాలు. జాలిపడాలో ఆశ్చర్యపోవాలో చదివేవాళ్లే చూసుకుంటారు.

"పుట్టుకతో వచ్చిన విద్య" అన్నావు. ఆ మాట కొట్టెయ్. ఆయనకు నొటేషన్, అంటే రాసిన స్వరాలు, చదవడం రాదు. రిహార్సల్లో ఒక్కో వాద్యం ఏం వాయిస్తోందో విని, పాట మొత్తం బుర్రలోకి ఎక్కించుకునేవాడు. ట్రంపెట్లు ఎక్కడ విరుచుకుపడతాయో తెలుసు కాబట్టే, సరిగ్గా దానికి ముందు ఒక దెబ్బ వేసి వాళ్లను ఎగదోసేవాడు. ఇంత కష్టాన్ని పుట్టుక ఖాతాలో వేస్తే ఎలా?

అప్పట్లో పెద్ద పేరున్న తెల్లజాతి బ్యాండ్ నాయకుడు బెన్నీ గుడ్‌మన్ బ్యాండ్‌తో 1937 మే 11న న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేట హార్లెంలోని సవాయ్ బాల్‌రూమ్ అనే డాన్స్ హాల్లో జరిగిన పోటీకి ఒక పేజీ కేటాయించావు. గుడ్‌మన్ బ్యాండ్‌లోని జీన్ క్రూపా అంతటి డ్రమ్మర్ వెబ్‌కు తలవంచి నమస్కరించిన ఘట్టం బాగా రాశావు. అయితే వెబ్ మీద రాసే ప్రతివాళ్లూ అక్కడే ఆగుతారు. నువ్వు ఇంకో ఎనిమిది నెలలు ముందుకెళ్లు. 1938 జనవరి 16, న్యూయార్క్‌లోనే పేరున్న సంగీత సభాశాల కార్నెగీ హాల్లో గుడ్‌మన్ కచేరీ. మొదలుపెట్టిన పాట 'డోంట్ బీ దట్ వే'. అది ఎడ్గర్ శాంప్సన్ అనే సంగీతకారుడు వెబ్ బ్యాండ్‌లో ఉన్నప్పుడు కట్టింది, వెబ్ 1934లోనే రికార్డు చేశాడు. 'స్టాంపిన్ ఎట్ ది సవాయ్' కూడా అంతే, ముందు వెబ్‌ది, తర్వాత పేరు గుడ్‌మన్‌కు. ఆ జనవరి రాత్రే, కార్నెగీ హాల్ కచేరీ ముగిశాక, సవాయ్‌లో వెబ్, మరో జాజ్ బ్యాండ్ నాయకుడు కౌంట్ బేసీ బ్యాండ్‌తో తలపడ్డాడు. ఒకే ఊరు, ఒకే రాత్రి. అక్కడ కుర్చీల్లో కూర్చుని చప్పట్లు కొట్టేవాళ్లు, ఇక్కడ నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే ఫ్లోర్ మీద డాన్స్ చేసేవాళ్లు. నీ వ్యాసానికి గుండెకాయ ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఇక రికార్డులు. వాటి పేర్లు, తేదీలు వరసగా పేర్చావు, విన్నట్టు మాత్రం ఒక్క వాక్యం లేదు. ఆయన మొదటి రికార్డులు 1929వి. అప్పటి 78 రికార్డు ఒక పక్కన పట్టేది మూడు నిమిషాలు. సవాయ్‌లో డాన్స్ చేసేవాళ్లు ఊగుతున్నంతసేపూ సాగే పాట, స్టూడియోలో మూడు నిమిషాల్లో అయిపోవాలి. 1935లో గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ బ్యాండ్‌లోకి వచ్చాక గొంతుకే పెద్దపీట. 1938లో 'ఎ టిస్కెట్ ఎ టాస్కెట్' దేశమంతా మోగిపోయింది, అందులో డ్రమ్ములు వెనక్కి ఒదిగి ఉంటాయి. నన్నడిగితే రికార్డుల్లో మనకు దొరికింది సగం వెబ్బే. ఆ సగాన్నైనా చెవులు రిక్కించి విను. 1937 నాటి 'హార్లెం కాంగో' పెట్టుకో. చివర్లో బ్యాండ్ తప్పుకుని డ్రమ్ములకు చోటిస్తుంది. మన కచేరీల్లో మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనంలా తీరుబడి లేదు, ఉన్నవి కొద్ది సెకన్లే. అందులోనే ఆ మనిషి మొత్తం కనిపిస్తాడు. హెడ్‌ఫోన్స్‌తో పదిసార్లు విను, ఆ పెద్ద డ్రమ్ దెబ్బ ఎక్కడ పడుతోందో కాలితో కొట్టి చూడు, అప్పుడు రాయి.

పుట్టిన సంవత్సరం 1909 అని ఖాయంగా రాశావు. 1905 అనీ ఉంది. రెండూ రాయి, పరువేం పోదు. 1939 జూన్ 16న పుట్టిన ఊళ్లోనే, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పోయాడు. చావును ఒక్క పేరాకు కుదించు. ఆ తర్వాత బ్యాండ్‌ను ఎల్లా 1942 దాకా నడిపిందన్నది మాత్రం వదలకు.

మొత్తం తిరగరాసి పంపొద్దు. ముందు 'హార్లెం కాంగో' మీద రాసిన పేరా ఒక్కటే పంపు. నేను ఇక్కడ రికార్డు పెట్టుకుని, నీ వాక్యాలు పక్కన పెట్టుకుని చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య