చలికాలంలో కోళ్లకు పెట్టిన నీళ్లు గడ్డకట్టకుండా ఏం చేయాలి?

గూటి దగ్గర కరెంటు లేదు, పొద్దున చూస్తే నీళ్లు గడ్డకట్టేసి ఉంటున్నాయి, సీసాలో ఉప్పునీళ్లు నింపి తొట్టిలో వేస్తే చాలని ఎవరో చెప్పారు, నిజమేనా అని కదా మీ ప్రశ్న. ముందు సీసా సంగతి తేల్చేద్దాం. అందులోని ఉప్పునీళ్లు అంత త్వరగా గడ్డకట్టవు, అంతవరకు నిజం. కానీ అది వేడి పుట్టించదు కదా, చుట్టూ నీళ్లు ఎంత చల్లబడితే అదీ అంతే చల్లబడుతుంది. గాలికి ఊగుతూ పైన కట్టే పలుచటి పొరను పగలగొడుతుంది, అంతే. సున్నాకి ఒకటి రెండు డిగ్రీలు కిందికి దిగే రోజుల్లో కాస్త పనికొస్తుందేమో గానీ, మైనస్ పదిలో సీసా కూడా మంచులో ఇరుక్కుపోతుంది. సీసా ఎందుకులే అని తాగే నీళ్లలోనే ఉప్పు కలిపేరు జాగ్రత్త, కోళ్ల ప్రాణం మీదికొస్తుంది.

అసలు రాత్రంతా నీళ్లు గడ్డకట్టకుండా కాపాడాల్సిన అవసరమే లేదు. చీకటి పడి కర్రెక్కాక కోడి దిగి వచ్చి నీళ్లు తాగదు. తెల్లారి గూడు తెరవగానే ఒకసారి, సాయంత్రం గూట్లోకి వెళ్లే ముందు ఒకసారి గట్టిగా తాగుతాయి, మధ్యలో మేత తిన్నప్పుడల్లా కాసిని. ఆ వేళలకు నీళ్లు నీళ్లలా ఉంటే చాలు. అందుకే నేను పొద్దుగూకగానే తొట్టి ఖాళీ చేసి బోర్లించేస్తాను. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్లు పోస్తాను, మధ్యాహ్నం ఒకసారి మారుస్తాను. పొగలు కక్కేంత వేడి అక్కర్లేదు, వేలు పెడితే హాయిగా అనిపించాలి.

తొట్టి మాత్రం నల్ల రబ్బరుదే కొనండి, రెండు ఉంటే ఇంకా మంచిది. గడ్డకట్టేటప్పుడు నీళ్లు సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతాయి కాబట్టి చలికి పెళుసెక్కిన ప్లాస్టిక్ పగిలిపోతుంది. రబ్బరు సాగుతుంది. బోర్లించి అడుగు మీద కాలితో రెండు తొక్కులు తొక్కితే మంచు మొత్తం ఒకే బిళ్లగా ఊడి కింద పడుతుంది, అంచుల్లో ముక్క కూడా మిగలదు. ఒకటి వాడుకలో ఉండగా రెండోది ఇంట్లో పెట్టుకుంటే మార్చడం నిమిషం పని. వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్నది త్వరగా గడ్డకడుతుంది. లోతైనది ఎంచుకుని, గాలి తగలని చోట, ఎండ పడే వైపు, నేలకు ఆనకుండా చెక్క మీద పెట్టండి. చుట్టూ పాత టైరు పెట్టి సందుల్లో థర్మోకోల్ కూరితే ఇంకాసేపు ఆగుతుంది.

తొట్టి గూట్లో పెట్టకండి. మూసిన గూట్లో తేమ పెరిగితే తురాయిలు చలికి చచ్చుబడి నల్లబడతాయి. పొడి చలిని కోళ్లు తట్టుకుంటాయి గానీ తడి చలిని తట్టుకోలేవు. పుంజుల గొంతు కింద వేలాడే ఎర్ర తోలు తాగేటప్పుడు నీళ్లలో మునిగినా అదే గతి, వాటికి సన్నటి అంచున్న డ్రింకర్ (కోళ్లు నీళ్లు తాగే పాత్ర) మేలు.

మంచు పొడుచుకు తింటాయిలే అని మాత్రం వదిలేయకండి. గుడ్లు పెట్టే కోడి రోజుకు పావు లీటరు దాకా తాగుతుంది. మంచు తిని అంత నీరు రాబట్టడం దాని వల్ల కాదు, పైగా ఆ మంచు కరిగించడానికి ఒంట్లో వేడే ఖర్చవుతుంది. నీళ్లు దొరక్కపోతే మేత కూడా తగ్గించేస్తుంది, చలిలో ఒంటికి వేడినిచ్చేదేమో ఆ మేతే. గుడ్డులో ముప్పావు వంతు నీరే కాబట్టి గుడ్ల మీద దెబ్బ ఇట్టే తెలుస్తుంది.

రేపు కరెంటు లాగించుకుంటే, థర్మోస్టాట్ ఉన్న వేడి దిమ్మె కొని దాని మీద రేకు డ్రింకర్ పెట్టండి. సున్నాకి కాస్త పైనే అదంతట అదే ఆన్ అవుతుంది. ప్లాస్టిక్ డ్రింకర్ అయితే ఆ దిమ్మె మీద వాడొచ్చని రాసి ఉందో లేదో చూసుకోండి. బకెట్ అడుగున బిగించిన చిన్న మొనను కోడి పొడిస్తే చుక్కలు రాలే నిప్పిల్ డ్రింకర్లు శుభ్రంగా ఉంటాయి గానీ, బకెట్‌లో నీళ్లు బాగానే ఉన్నా కింద లోహపు మొన దగ్గర చుక్క గడ్డకట్టి దారి మూసేస్తుంది. రోజూ పొద్దున వేలితో నొక్కి చుక్క వస్తోందో లేదో చూడాల్సిందే. బకెట్ పక్కన అడ్డంగా బిగించే రకం కొంచెం నయం.

నీళ్ల కోసం హీట్ ల్యాంప్ వేలాడదీసే ఆలోచన ఉంటే మానుకోండి. కోడి రెక్క కొడితే చాలు, అది ఊడి కింద ఎండు గడ్డిలో పడుతుంది, గూడు బూడిదే. పగలకుండా టెఫ్లాన్ పూత పూసిన బల్బులైతే ఇంకా ప్రమాదం, వేడెక్కినప్పుడు వచ్చే ఆవిరి పక్షులను చంపేస్తుంది. ఇక వేడి దిమ్మెకు కరెంటు లాగే వైరు ఆరుబయట వాడే రకమే తీసుకోండి, ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు వేలాడేలా కట్టండి, వైరు మీద జారే తడి ప్లగ్గులోకి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది.