రెండు నాణేలు ఎగరేస్తే పర్యవసానాలు మూడా, నాలుగా?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. రెండు నాణేలు ఎగరేస్తే రెండూ బొమ్మలు, రెండూ బొరుసులు, ఒకటి బొమ్మ ఒకటి బొరుసు – ఇవి మూడే కదా, ఒక్కోదాని సంభావ్యత 1/3 అంటోంది. పుస్తకంలో చివరిదానికి 1/2 అని ఉంది. ఎలా చెప్పాలి?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మాయి చెప్పిన మూడూ నిజంగా జరిగేవే. అయితే మూడింటికీ సమాన అవకాశం ఉందనుకోవడం దగ్గరే పొరపాటు జరిగింది. అనుకూల పర్యవసానాలను మొత్తం పర్యవసానాలతో భాగించే సూత్రం, అవన్నీ సమసంభవాలైతేనే, అంటే అన్నింటికీ సమాన అవకాశం ఉంటేనే చెల్లుతుంది. సూత్రాన్ని బట్టీపట్టే పిల్లలు ఈ షరతునే వదిలేస్తారు. ఇది తెలివితక్కువ తప్పు కాదండీ. ఫ్రెంచి గణితవేత్త డాలెంబర్ 1754లో, నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒక బొమ్మ పడే సంభావ్యత 2/3 అని వాదించారు. సరైన విలువ 3/4.

ఒక రూపాయి బిళ్ళ, ఒక ఐదు రూపాయల బిళ్ళ అమ్మాయి చేతికివ్వండి. సింహాల వైపు బొమ్మ అని ముందే అనుకోండి. కాగితం మీద నాలుగు గడులు గీయించండి: రెండూ బొమ్మలు; రూపాయి బొమ్మ, ఐదు బొరుసు; రూపాయి బొరుసు, ఐదు బొమ్మ; రెండూ బొరుసులు. 40 సార్లు ఎగరేసి, పడిన గడిలో గీత పెట్టమనండి. మధ్య రెండు గడులూ కలిపితే 20కి అటూ ఇటూగా వస్తుంది. 17 రావచ్చు, 23 రావచ్చు, కంగారు పడొద్దు. 1/3 లెక్కన రావలసిన 13 దగ్గర ఆగడం మాత్రం చాలా అరుదు. తర్వాత రెండూ రూపాయి బిళ్ళలే ఇచ్చినా ఇదే లెక్క: ఏది ఏదో మనం గుర్తుపట్టలేనంత మాత్రాన రెండు సందర్భాలు ఒకటైపోవు.

పాచికల్లో ఇదే తప్పు వేరే రూపంలో వస్తుంది. రెండు పాచికల మొత్తం 8 రావాలంటే (2,6), (3,5), (4,4), (5,3), (6,2) – సంభావ్యత 5/36. తిరగేసినవి మరిచిపోతే 3/36 అవుతుంది. (4,4)ను కూడా తిరగేసి రెండుసార్లు రాస్తే 6/36 అవుతుంది. 6 అడ్డవరుసలు, 6 నిలువువరుసల పట్టిక గీసి ప్రతి గడిలో మొత్తం రాయిస్తే ఈ రెండు తప్పులూ పోతాయి. పరీక్షలోనూ జవాబుతోపాటు ఆ పట్టిక చూపడం మంచిది.

ప్రశ్న: మా ఇంట్లో పేక ముట్టం. బాబుకి పేకముక్కల లెక్కలు ఒక్కటీ రావడం లేదు.
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఆట రానక్కర్లేదు, కట్టలో ఏమేం ఉంటాయో తెలిస్తే చాలు. నాలుగు వరుసలు గీయించండి. ఆఠీను, డైమండు ఎరుపు. ఇస్పేటు, కళావరు నలుపు. వరుసకు 13 చొప్పున 52: ఏస్, 2 నుంచి 10, జాకీ, రాణి, రాజు. ముఖ కార్డులు (జాకీ, రాణి, రాజు) 12 మాత్రమే. ఏస్‌ను కూడా కలిపి 16 అనడం మామూలుగా జరిగే తప్పు.

‘ఎరుపు కార్డు లేదా రాజు’ అని అడిగితే చాలామంది 26, 4 కలిపి 30/52 వేస్తారు. ఎరుపు రాజులు రెండూ 26లో ముందే ఉన్నాయి. పట్టికలో ఎరుపు వరుసలకు రంగు వేసి, రాజులకు సున్నా చుట్టి, గుర్తుపడిన గడులు లెక్కపెట్టమనండి: 28. సంభావ్యత 28/52, అంటే 7/13.