తెర నిలువు, ఖాతా అడ్డం

పోయిన నెల ఈ శీర్షికలో "ఫోన్‌లో లెక్కలు రాసుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని ఒక్క మాట అడిగాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. సగానికి పైగా ఒకటే ప్రశ్న: ఏ యాప్ మంచిది? అనంతపురం టవర్ క్లాక్ దగ్గర మేడమీది గదిలో టైపు నేర్పడంతో మొదలుపెట్టిన దాన్ని. తర్వాత కంప్యూటర్ నేర్పాను, ఇప్పుడు వచ్చేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఫోన్ ఒక్కటే ఉంటోంది. వాళ్లతో కూర్చుని తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ప్రశ్న: మేడం గారికి నమస్తే. మాకు నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. తోట నేను చూసుకుంటాను. తమ్ముడు బెంగళూరులో ఉద్యోగం. ఖర్చు చెరి సగం. ఇన్నాళ్లూ డైరీలో రాశాను. వాడు ఫోన్ చేసి "అన్నా, ఈ నెల ఎంతయింది?" అంటే పేజీలు తిప్పుతూ టెన్షన్ పడుతున్నా. ల్యాప్‌టాప్ లేదు. తోటలో సిగ్నల్ అంతంతమాత్రం. ఎక్సెల్ మంచిదా, గూగుల్ షీట్సా, జోహోనా?
- ఓ చీనీ రైతు, నార్పల

జవాబు: యాప్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ డైరీని ఫోన్‌లోకి ఎలా ఎక్కించాలో చూడండి. అందరూ తప్పు చేసేది అక్కడే. నేనూ చేశాను.

మా ఫీజుల పుస్తకాన్ని ఫోన్‌లోకి మార్చినప్పుడు దాన్ని హాజరు పట్టీలాగే గీశాను. ఎడమవైపు పేర్లు, కుడివైపుకి జనవరి నుంచి డిసెంబరు దాకా గడులు. ఆగస్టు ఫీజు వేయాలంటే తెరను పక్కకి జరపాలి. జరిపితే పేర్లు కనిపించవు. ఒకమ్మాయి కట్టిన 800 పై వరుసలో ఉన్న అబ్బాయి ఖాతాలో పడింది. ఆ పిల్లను రెండుసార్లు ఫీజు అడిగాను. మూడోసారి వాళ్ల నాయన రసీదు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

ఈ లెక్కల యాప్‌లను స్ప్రెడ్‌షీట్లు అంటారు. ఆ పేరే పుస్తకంలో ఎదురెదురు రెండు పేజీల మీద పరిచి రాసే పెద్ద లెక్కల కాగితం నుంచి వచ్చింది. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు విసికాల్క్ పేరుతో దాన్ని ఆపిల్ 2 కంప్యూటర్‌లోకి తెచ్చారు. ఆ తర్వాత వచ్చిన లోటస్, ఎక్సెల్ అన్నీ ఆ అడ్డం కాగితం పిల్లలే. మన చేతిలో ఉన్న తెరేమో నిలువు. అందుకని ఫోన్‌లో ఖాతా పక్కకి పెరగకూడదు, కిందికి పెరగాలి.

మీకు అయిదు నిలువు వరుసలు చాలు: తేదీ, దేనికి, ఎవరు పెట్టారు, ఎంత, గమనిక. ప్రతి ఖర్చుకూ ఒక కొత్త అడ్డు వరుస. కూలి ఇచ్చారు, ఒక వరుస. మందు కొన్నారు, ఇంకో వరుస. ఒకే రోజు నాలుగు ఖర్చులుంటే నాలుగు వరుసలు, నాలుగింటికీ అదే తేదీ. పై వరుసను ఫ్రీజ్ చేస్తే ఎంత కిందికి పోయినా శీర్షికలు కనబడుతూనే ఉంటాయి. నెల లెక్క కావాలంటే ఫిల్టర్ పెట్టండి, ఆ నెల వరుసలే కనబడతాయి. కూలికి విడిగా ఎంతయిందో తెలియాలంటే సమ్‌ఇఫ్ అనే ఫార్ములా ఉంది. "దేనికి" అనే వరుసలో కూలి అని ఉన్నచోటల్లా పక్కనున్న డబ్బును కూడమని దాని అర్థం. తమ్ముడు పెట్టినదెంత, మీరు పెట్టినదెంత అన్నదీ అదే తేలుస్తుంది.

ఇక్కడ మన భాషతో ఒక చిక్కుంది. ఒకరోజు "కూలి" అని, ఇంకోరోజు "కూలీ" అని రాస్తే మనకు ఒకటే, ఫార్ములాకు రెండు. లెక్క తప్పిందని తల పట్టుకుంటారు. అందుకే ఆ వరుసకు డ్రాప్‌డౌన్ పెట్టుకోండి. కూలి, ఎరువు, మందు, డ్రిప్, కరెంటు, బాడుగ అని ఆరేడు మాటలు ఒకసారి రాసిపెడితే తర్వాత వేలితో తాకడమే, టైపు చేసే పనే ఉండదు.

అమ్మకానికి వేరే షీటు. అందులో కాటా తూకం, సూట్ (తరుగు) కింద తీసేసిన కిలోలు, రెండూ వేరు వేరు గడుల్లో రాయండి. చాలామంది డబ్బు లెక్కకట్టే తూకం ఒక్కటే రాసుకుంటారు. అలా అయితే ఏడాది చివర సూట్ పేరుతో ఎన్ని టన్నులు పోయాయో మీకే తెలియదు, ఇంకొకరిని అడిగేదేముంది? టన్ను ధర, కమీషన్, హమాలీ కూడా విడివిడిగానే.

ఇక యాప్. మీరిద్దరు. ఆ ఒక్క మాటతో నా ఓటు గూగుల్ షీట్స్‌కు. ఫైలు ఒకటే, ఇద్దరి ఫోన్లలోనూ అదే తెరుచుకుంటుంది. మీరు తోటలో కూలి రాస్తే వాడు బెంగళూరులో బస్సులో కూర్చుని చూడొచ్చు, మీకు ఫోన్ రాదు. ఎక్సెల్ ఫైలు వాట్సాప్‌లో పంపుకునేవాళ్లకు నెల తిరిగేసరికి "లెక్క", "లెక్క కొత్తది", "లెక్క ఫైనల్", "లెక్క అసలు ఫైనల్" అని నాలుగు తయారవుతాయి. ఎక్సెల్‌లోనూ వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ) ద్వారా ఇద్దరూ ఒకే ఫైలు వాడొచ్చు, కానీ నేర్పినవాళ్లలో ఎక్కువమంది ఆ దాకా పోకుండానే పచ్చ వాట్సాప్ బొమ్మ నొక్కేస్తారు.

సిగ్నల్ సంగతి: ఇంట్లో నెట్ ఉన్నప్పుడే ఆ ఫైలు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ఆఫ్‌లైన్‌లో దొరికేలా పెట్టుకోండి. తోటలో రాసింది ఫోన్‌లో ఉండిపోయి, నెట్ తగలగానే పైకి పోతుంది. తోటకి పోయాక పెట్టుకుందాంలే అంటే కుదరదు. పాత గడులను ఇద్దరూ దిద్దకండి, ఎవరికి వారు కొత్త వరుసే రాయండి. ఒకే గడిని ఇద్దరూ మారిస్తే ఒకరి రాత పోతుంది.

ఎక్సెల్‌ను తక్కువ చేయడం లేదు. 10.1 అంగుళాలకు మించని తెరల మీద మామూలు రాతకోతలన్నీ దాంట్లో ఉచితం, మైక్రోసాఫ్ట్ ఖాతా ఒకటుంటే చాలు. పైగా కాగితం మీది పట్టికను ఫోటో తీస్తే గడుల్లోకి మార్చే సౌకర్యం ఉంది. అచ్చు అంకెలు బాగానే చదువుతుంది. తెలుగు చదవదు. మా గదికొచ్చే ఒకాయన మండీలో చేత్తో రాసిచ్చిన చీటీని ఫోటో తీస్తే వచ్చిన అంకెలు చూసి ఇద్దరం నవ్వుకున్నాం. ఒంటరిగా లెక్కలు రాసుకుని, ఏడాదికోసారి ఆడిటర్‌కు ఫైలు పంపేవాళ్లకు నేను ఎక్సెలే చెప్తాను.

జోహో షీట్ చెన్నై కేంద్రంగా నడిచే కంపెనీది. 2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ తాను జోహోకు మారుతున్నానని ప్రకటించాక మా గదిలో కూడా అందరూ అడిగారు. వాడి చూశాను, మీ లెక్కలకు దానిలో లోటేమీ లేదు. తమ్ముడు కూడా ఖాతా తెరవడానికి సరే అంటే అదే వాడండి. వాడు ఒప్పుకోకపోతే మాత్రం యాప్ కోసం అన్నదమ్ములు వాదులాడుకోవద్దు.

ఒక్క జాగ్రత్త. గూగుల్ ఇచ్చే 15 జీబీ జీమెయిల్‌కు, ఫోటోలకు, డ్రైవ్‌కు అన్నిటికీ కలిపి. లెక్కల ఫైలు దానిలో ఇసుక రేణువంత కూడా ఉండదు. పెళ్లి వీడియోలు నింపేశాక మాత్రం కొత్త ఫైలు చేయనివ్వదు.

ప్రశ్న: మా హైస్కూల్లో గోడకు పెద్ద టచ్ ప్యానెల్ ఉంది. ఇంట్లో ఫోన్‌లో తెలుగు పాఠానికి స్లైడ్లు చేసుకుని పోతే అక్కడ కొన్నిచోట్ల అక్షరాలకు బదులు ఇంగ్లీషు గుర్తులు, కొన్నిచోట్ల వాక్యాలు పెట్టె దాటి కిందికి జారిపోవడం. పిల్లలు నవ్వారు. పవర్‌పాయింట్ వదిలి గూగుల్ స్లైడ్స్‌కు మారితే బాగవుతుందా?
- ఓ తెలుగు టీచర్, ఉరవకొండ

జవాబు: టీచర్ గారూ, మీవి రెండు వేరు వేరు జబ్బులు. యాప్ మారిస్తే రెండూ పోవు.

ఇంగ్లీషు గుర్తులు వచ్చినచోట మీరు బహుశా ఎవరో డీటీపీ షాపులో చేసిన ఫైలు నుంచి తెచ్చి అతికించి ఉంటారు. అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు నిజానికి తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాలకు తెలుగు చొక్కా తొడిగినట్టు. ఆ ఫాంటు లేని యంత్రంలో చొక్కా ఊడిపోతుంది. మన ఊళ్లలో పెళ్లిపత్రికలు ఇప్పటికీ ఎక్కువగా దానిలోనే. ఆ భాగాన్ని యూనికోడ్‌లో, అంటే ఏ యంత్రంలోనైనా తెలుగుగానే ఉండే పద్ధతిలో, మళ్లీ టైపు చేయాల్సిందే. చేత్తో కొట్టే ఓపిక లేకపోతే జీబోర్డులో (గూగుల్ కీబోర్డు) మైకు నొక్కి చదవండి. ఒత్తులు నాలుగైదు దిద్దుకుంటే చాలు.

వాక్యాలు జారిపోవడం వేరు. మీరు వాడిన యూనికోడ్ ఫాంటు ప్యానెల్‌లో లేదు. అది తన దగ్గరున్న తెలుగు ఫాంటు వేసుకుంది. దాని అక్షరాలు కాస్త లావు, వాక్యం పొడవు పెరిగింది. దీనికి నేను చూసినంతలో ఒకటే మందు: ఫైలును పీడీఎఫ్‌గా కూడా దాచి రెండూ పట్టుకుపోండి. పీడీఎఫ్‌లో ఏ అక్షరమూ కదలదు. యానిమేషన్లు పోతాయి నిజమే. సంధి విడదీయడానికి ఒక్కో ముక్క తర్వాత రావాలంటే యానిమేషన్ బదులు నాలుగు స్లైడ్లు చేసి, ఒక్కో దానిలో ఒక్కో ముక్క పెంచండి. పీడీఎఫ్‌లో కూడా అదే నడుస్తుంది.

రెండు యాప్‌లలో ఏదంటే: యానిమేషన్లు, పాత పీపీటీలు ఎక్కువుంటే పవర్‌పాయింట్. పాత పీపీటీని స్లైడ్స్‌లో తెరిస్తే కొన్ని కదలికలు మారిపోతాయి. నలుగురు టీచర్లు కలిసి ఒకే పాఠం చేస్తుంటే స్లైడ్స్. ఫోన్‌లో స్లైడు గీయడం రెండిటిలోనూ వేలికి పరీక్షే. మాటలు రాయడం, బొమ్మ పెట్టడం వరకు ఫోన్‌లో చేసి, అమరిక మాత్రం వీలైతే ప్యానెల్ మీదే సరిచేసుకోండి.

అక్షరం ఎంత పెద్దదుండాలని మీరు అడగలేదు కానీ చెప్తాను. ఫోన్‌ను అడ్డంగా తిప్పి, చేయి చాచి రెండడుగుల దూరంలో పట్టుకోండి. స్లైడు వెడల్పు సుమారు 4.7 అంగుళాలు కనిపిస్తుంది. 75 అంగుళాల ప్యానెల్ తెర వెడల్పు 65 అంగుళాల పైచిలుకు. నిష్పత్తి కట్టి చూస్తే చేతిలో కనిపించేది, సుమారు 28 అడుగుల దూరంలో కూర్చున్న పిల్లవాడికి కనిపించేది ఒకే పరిమాణం. మీ చివరి బెంచీ అంతకంటే దూరముండదు. చేయి చాచి చదవలేకపోతే ఆ స్లైడు మీద మాటలెక్కువ. కళ్లజోడు పెట్టుకునే చూడండి, పిల్లల కళ్లు మనకంటే మంచివే.

ఫోన్ నుంచి నేరుగా తెరకు వైరు పెట్టి చూపిద్దామని కేబుల్ కొనబోయేవాళ్లకు: టైప్-సి రంధ్రం ఉన్న ప్రతి ఫోనూ బొమ్మను బయటికి పంపదు. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఆ వీలు లేదు. షాపులోనే మీ ఫోన్‌కు తగిలించి చూసి కొనండి.

ప్రశ్న: మా పొదుపు సంఘం సభ్యుల బ్యాంకు ఖాతా నంబర్లు ఎక్సెల్‌లో ఎక్కించాను. కొన్నిటికి మొదటి సున్నాలు ఎగిరిపోయాయి, ఒక నంబరుకు చివరి అంకె తనంతట తానే సున్నా అయింది. ఫోన్‌లో వైరస్ ఉందా?
- సంఘం లెక్కలు రాసే పాఠకురాలు, గుత్తి

జవాబు: వైరస్ కాదమ్మా. అది ఖాతా నంబరని ఎక్సెల్‌కు తెలియదు, కూడాల్సిన డబ్బు అనుకుంటోంది. డబ్బుకు ముందు సున్నాలు ఎవరు రాస్తారని తీసేస్తుంది. 15 అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది, 16వది ఉంటే సున్నా చేసేస్తుంది. ఆ నిలువు వరుసను ముందే ఎంచుకుని టెక్స్ట్ అని మార్చి, ఆ తర్వాత నంబర్లు కొట్టండి. ముందు కొట్టి తర్వాత మారిస్తే పోయిన అంకె తిరిగి రాదు, పాస్‌బుక్కులు మళ్లీ తెప్పించుకోవాల్సిందే. గూగుల్ షీట్స్‌లో కూడా ఇదే పద్ధతి పాటించండి.

ఆ ఫైలును "లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు" అని మాత్రం పంచకండి. ఎవరు చూడాలో వాళ్ల ఈమెయిల్ ఒక్కొక్కటే చేర్చండి. సంఘం గ్రూపులో పెట్టిన లింకు ఏ గ్రూపు దాకా పోతుందో మీ చేతిలో ఉండదు.

ప్రశ్న: మా కుట్టు యూనిట్‌కు ఆడిటర్ పంపిన ఎక్సెల్ ఫైల్లో బటన్ నొక్కితే ఫోన్‌లో ఏమీ జరగదు.
- రాయదుర్గం పాఠకుడు

జవాబు: ఆ బటన్ వెనక మాక్రో ఉంది, అంటే పనులు తనంతట తానే చేసే చిన్న ప్రోగ్రాం. మొబైల్ ఎక్సెల్‌లో మాక్రోలు నడవవు, ఎన్నిసార్లు నొక్కినా అంతే. కంప్యూటర్‌లో తెరవండి, లేదా బటన్ లేని ఫైలు పంపమని ఆయన్నే అడగండి.

ప్రశ్న: నా ఐఫోన్‌లో నంబర్స్, కీనోట్ వచ్చాయి. ఇవి చాలవా?
- ఇంజినీరింగ్ విద్యార్థిని, అనంతపురం

జవాబు: నీకు చాలు. కీనోట్‌లో స్లైడ్లు అందంగా వస్తాయి, ఆ మాట ఒప్పుకుంటాను. నీ ఫ్రెండ్స్‌కు చాలవు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆ ఫైలు తెరుచుకోదు. పంపే ముందు పవర్‌పాయింట్‌కో ఎక్సెల్‌కో ఎక్స్‌పోర్ట్ చేసి, ఒకసారి తెరిచి చూసుకుని పంపు.

ప్రశ్న: ఫోన్‌లో ఎక్సెల్ బాగా వస్తే ఉద్యోగానికి సరిపోతుందా మేడం?
- డిగ్రీ చివరి సంవత్సరం, తాడిపత్రి

జవాబు: సరిపోదు నాయనా. ఫార్ములాలు, ఫిల్టరు, డ్రాప్‌డౌన్ ఫోన్‌లో నేర్చుకున్నవి వృథా పోవు. కానీ ఆఫీసులో నీ ముందు పెట్టేది కీబోర్డు. ఇరవై వేల వరుసల ఫైలులో చివరికి పోవడానికి వేలితో తోస్తూ కూర్చుంటే పక్కవాడు రెండు మీటలు నొక్కి పోయి వస్తాడు. మీ కాలేజీలో ల్యాబ్ ఉంటుంది కదా, వారానికి రెండు గంటలు అడుగు. తాళం వేసి ఉంటే, తాళంచెవి ఎవరి దగ్గరుందో అడుగు.